క్రిస్మస్ చెట్టుకు తెల్ల మట్టి బొమ్మలు: పిల్లలతో ఇంట్లోనే ఇలా చేయండి

వంట సోడా, కార్న్‌ఫ్లోర్, నీళ్లు. ఈ మూడూ కలిపి పొయ్యి మీద అయిదు నిమిషాలు తిప్పితే పింగాణీలా తెల్లగా, నున్నగా ఉండే మట్టి తయారవుతుంది. దాన్ని పిల్లల ముందు పెడితే గంటలో ఇరవై బొమ్మలు చేసేస్తారు. ఆరడానికి మాత్రం రెండు మూడు రోజులు పడుతుంది. బొమ్మ వంకరపోయినా, నెర్రెలిచ్చినా, పుటుక్కున విరిగినా దాదాపు ఎప్పుడూ ఆ ఆరే రోజుల్లో జరిగిన పొరపాటే కారణం. కాబట్టి చెట్టు 24న నిలబెట్టే అలవాటున్న ఇళ్లలో కూడా మట్టి పని 18, 19 తేదీల్లోనే మొదలుపెట్టండి. డిసెంబరు రెండో ఆదివారం కూర్చుంటే ఇంకా నిదానంగా చేసుకోవచ్చు.

మైదా, ఉప్పు కలిపి చేసే బొమ్మల గురించి చాలామంది వినే ఉంటారు. రెండు కప్పుల మైదా, కప్పు ఉప్పు, కప్పుకు కాస్త తక్కువ నీళ్లు కలిపి, తక్కువ వేడి మీద ఓవెన్‌లో రెండు మూడు గంటలు ఎండబెడతారు. చలిదేశాల్లో అవి ఏళ్ల తరబడి నిలుస్తాయి. కాకినాడలోనో, బందరులోనో, విశాఖలోనో సంగతి వేరు. ఉప్పు గాలిలోని తేమను లాగుతుంది. డిసెంబరులో గట్టిగా ఉన్న బొమ్మ వానాకాలం వచ్చేసరికి చేతికి మెత్తగా, చెమ్మగా తగులుతుంది. మైదా వాసనకు ఎలుకలూ చేరతాయి. సోడా మట్టికి ఈ బెడద బాగా తక్కువ, ఓవెన్ అవసరం అసలే లేదు. వినాయక చవితికి తెచ్చిన బంకమట్టి మిగిలితే దానితో పశువుల పాక బొమ్మలు చక్కగా వస్తాయి. కానీ ఆవంలో కాల్చని బంకమట్టిని చెట్టుకు వేలాడదీయకూడదు. బరువు ఎక్కువ, ఒకసారి కింద పడితే ముక్కలే.

కొనేటప్పుడు చూసుకోవాల్సినవి

కిరాణా కొట్లో తినే సోడా అని అడగండి. బేకింగ్ పౌడర్ వద్దు. అందులో సోడాతో పాటు పులుపు కూడా కలిసి ఉంటుంది, నీళ్లు తగలగానే పొంగుతుంది. బట్టల సోడా అయితే దగ్గరికి కూడా రానీయకండి, పిల్లల చేతులు మండిపోతాయి. కార్న్‌ఫ్లోర్ అంటే మన దగ్గర సూపు చిక్కబడటానికి వేసే తెల్లటి మెత్తని పొడి. వేళ్ల మధ్య నొక్కితే కిరకిరమంటుంది. పసుపుపచ్చగా ఉండే మొక్కజొన్న పిండి వేరు, దానితో ఈ పని జరగదు. అమెరికాలో ఉన్నవాళ్లు కార్న్‌స్టార్చ్ అని రాసి ఉన్న డబ్బానే తీసుకోవాలి. అక్కడ కార్న్‌ఫ్లోర్ పేరుతో దొరికేది ఆ పసుపు పిండే.

తూకం ప్రకారం సోడా 200 గ్రాములు, కార్న్‌ఫ్లోర్ 55 గ్రాములు, చల్లటి నీళ్లు 135 మిల్లీలీటర్లు. తూకం లేకపోతే ఏదైనా ఒకే గ్లాసు పట్టుకుని రెండు గ్లాసుల సోడాకు ఒక గ్లాసు కార్న్‌ఫ్లోర్, ఒకటింపావు గ్లాసు నీళ్లు కొలవండి. పైన చెప్పిన తూకానికి రెండంగుళాల పైచిలుకు వెడల్పున్న బిళ్లలు ఇరవై దాకా వస్తాయి. ఇద్దరు పిల్లలకు ఇది సరిపోతుంది. నలుగురుంటే రెండు విడతలుగా ఉడికించండి, ఒకేసారి ఎక్కువ పెడితే అడుగంటుతుంది.

గిన్నె స్టీలుదో, నాన్‌స్టిక్‌దో కావాలి. అల్యూమినియం గిన్నె అయితే సోడా దాన్ని పట్టుకుంటుంది, గిన్నె నల్లబడటమే కాక తెల్లగా రావాల్సిన మట్టి బూడిద రంగుకు తిరుగుతుంది.

ఉడికించడం పెద్దవాళ్ల పని

సోడాను, కార్న్‌ఫ్లోర్‌ను కలిపి జల్లించండి. ఉండలుంటే ఇప్పుడే విరిగిపోవాలి, ఉడికాక అవి చితకవు. స్టవ్ వెలిగించక ముందే చల్లటి నీళ్లు పోసి పాలలా అయ్యేదాకా కలపండి. వేడి నీళ్లు పోస్తే పిండి ఎక్కడికక్కడ గడ్డకడుతుంది.

మంట మధ్యస్థం కంటే కాస్త తక్కువగా పెట్టి, చెక్క గరిటెతో అడుగు తాకేలా తిప్పుతూ ఉండండి. మొదటి రెండు మూడు నిమిషాలు ఏమీ జరగనట్టే ఉంటుంది. అక్కడక్కడా బుడగలు లేస్తాయి, అది సోడా వదిలే గ్యాసు. ఆ తర్వాత ఉన్నట్టుండి అడుగున ముద్దలు కట్టడం మొదలవుతుంది. కార్న్‌ఫ్లోర్‌లోని గంజి వేడికి నీళ్లు పీల్చుకుని ఉబ్బే క్షణం అది. అక్కడి నుంచి నిమిషం, నిమిషంన్నర అంతే. చెయ్యి ఆపకుండా తిప్పండి. గిన్నె అంచులు వదిలి, ఉడికించి మెదిపిన బంగాళదుంపలా ఒక్క ముద్దగా చేరి, పైన ఇంకా కొంచెం తడి మెరుపు ఉండగానే దించేయండి. మెరుపంతా పోయేదాకా ఉంచితే చల్లారాక పిట్టులా పొడిపొడిగా రాలుతుంది. మరీ ముందే దించితే చేతికి అంటుకుపోతుంది. అంటుకునే మట్టిని మళ్లీ అర నిమిషం వేడి చేసి బాగుచేయవచ్చు. పొడిబారిన మట్టిని దారికి తేవడం చాలా కష్టం. అందుకని ఎప్పుడు దించాలో అనుమానం వస్తే, ముందే దించండి.

ముద్దను పళ్లెంలోకి తీసి, గట్టిగా పిండిన తడిబట్ట కప్పి 25 నిమిషాలు వదిలేయండి. బట్ట కప్పకపోతే పైన చెక్కు కడుతుంది, ఆ చెక్కే తర్వాత మట్టిలో పలుకులై కనిపిస్తుంది. పిల్లలకిచ్చే ముందు ముద్దను రెండుగా విరిచి మధ్యలో మీ వేలు పెట్టి చూడండి. పైన గోరువెచ్చగా ఉన్నా లోపల చెయ్యి కాలేంత వేడి ఉండవచ్చు.

తర్వాత జంతికల పిండి పిసికినట్టు మూడు నాలుగు నిమిషాలు బాగా పిసకాలి. ఈ పని పిల్లలు ఇష్టంగా చేస్తారు, చేయనివ్వండి. మట్టి సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే కొంచెం తీసుకుని పెన్సిలంత లావు పాములా చేసి, రెండు కొసలూ కలిసేలా వంచండి. వంపు బయటి వైపు నెర్రెలు రాకపోతే సిద్ధమైనట్టే. నెర్రెలు వస్తే చేతులు తడి చేసుకుని మళ్లీ పిసకండి. నీళ్లు మట్టి మీద పోయకండి, చేతికున్న తడి చాలు. అతుక్కుంటుంటే చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లండి.

ఒక జాగ్రత్త. ఈ బొమ్మలు చూడటానికి అచ్చం బిస్కెట్లలా ఉంటాయి. చిటికెడు నాలుకకు తగిలితే భయం లేదు గానీ ఇంత సోడా కడుపులోకి వెళ్తే పిల్లలకు ప్రమాదం. నోట్లో పెట్టుకునే వయసు పిల్లలుంటే పక్కనే కూర్చోండి, వెనీలా ఎసెన్స్‌లాంటి తినాలనిపించే వాసనలేవీ మట్టిలో కలపకండి. కుక్కను పెంచుతుంటే బొమ్మలు చెట్టు పైకొమ్మలకే కట్టండి.

ఒత్తడం, కోయడం

పప్పు చెక్కలు ఒత్తేటప్పుడు వాడే ప్లాస్టిక్ కవరు ఇక్కడ బాగా పనికొస్తుంది. పాల ప్యాకెట్‌ను కడిగి, తుడిచి, ఒక పక్క కోసి విప్పండి. దాని మీదే మట్టిని ఒత్తితే బొమ్మను లేపేటప్పుడు సాగదు, కవరునే కింద నుంచి ఒలిచేయవచ్చు. చెక్కలకు రాసినట్టు నూనె మాత్రం రాయకండి. నూనె తగిలిన చోట తర్వాత రంగు నిలవదు.

మందం 4 మిల్లీమీటర్లు ఉండాలి. 3 కంటే తగ్గితే ఆరేటప్పుడు అంచులు లేస్తాయి, 6 దాటితే పైన గట్టిపడి లోపల పచ్చిగా ఉండిపోతుంది. పిల్లల చేతికి ఈ లెక్క అందాలంటే మట్టికి రెండు పక్కలా ఐస్‌క్రీం పుల్లలు రెండేసి చొప్పున ఒకదాని మీద ఒకటి పెట్టి, వాటి మీదుగా కర్ర దొర్లించమనండి. కర్ర పుల్లలను తాకితే ఇక ఆపాలి. మన చపాతీ కర్రలు చాలావరకు మధ్యలో లావుగా ఉంటాయి కాబట్టి మట్టి నడుమ పల్చబడుతుంది. నిటారుగా ఉండే స్టీలు నీళ్ల సీసా ఈ పనికి మేలు.

గుండ్రటి బిళ్లలకు 2-4 సైజు వెడల్పాటి మెటల్ గాజు సరిగ్గా సరిపోతుంది. దాదాపు 5.7 సెంటీమీటర్ల బిళ్ల వస్తుంది. నక్షత్రానికి, గంటకు, దేవదూతకు అట్టముక్క కోసి మట్టి మీద పెట్టి చుట్టూ కత్తిరించండి. పదునులేని బటర్ కత్తి చాలు, కానీ లాగుతూ కోస్తే మట్టి ముడుచుకుంటుంది. పై నుంచి కిందికి నొక్కుతూ కోయడం పిల్లలకు చూపించండి. నక్షత్రపు మొనలను కొంచెం మొద్దుగానే వదలండి, సన్నటి మొనలే ముందు విరుగుతాయి. కోసిన అంచులు గరుకుగా ఉంటాయి. ఇప్పుడే తడి వేలితో ఒక్కసారి రాసేస్తే ఆరాక గరుకు కాగితంతో రుద్దే పని, ఆ దుమ్ము రెండూ తప్పుతాయి.

మట్టి మీద ముద్రలు వేయడం ఈ పనిలో అన్నిటికంటే అందమైన భాగం, మూడేళ్ల పిల్లలు కూడా చేయగలిగింది. వేప రెమ్మను ఈనెలు ఉబ్బుగా ఉన్న అడుగువైపు మట్టికి తగిలేలా పెట్టి, పై నుంచి సీసాను ఒక్కసారి దొర్లించండి. తొడిమ పట్టుకుని మెల్లగా ఎత్తితే ఆకు అంచుల్లోని రంపపు పళ్లతో సహా అచ్చుపడుతుంది. అనాస పువ్వును బిళ్ల నడుమ నొక్కితే అచ్చం నక్షత్రమే. గవ్వలు చేసే చెక్క ఇంట్లో ఉంటే దాని మీద మట్టిని ఒత్తి, ఆ గీతల మీద గంట ఆకారం కోయండి. పాత పట్టుచీర జరీ అంచును నొక్కినా చక్కటి అల్లిక వస్తుంది. ముద్ర ముందు వేసి ఆకారం తర్వాత కోయాలి. వరుస మారిస్తే బిళ్ల సాగి కోడిగుడ్డులా అవుతుంది.

ఎనిమిదేళ్లు దాటిన పిల్లలు గొర్రెపిల్ల చేయవచ్చు. కోలగా ఉన్న బిళ్ల శరీరం. స్టీలు టీ జల్లెడలో చిన్న మట్టి ఉండ పెట్టి బొటనవేలితో నొక్కితే అవతల నుంచి సన్నటి పోగులు గుత్తిగా వస్తాయి. వాటిని కత్తి కొసతో గీరి తీసి, తడి చేసిన శరీరం మీద వదులుగా అద్దితే ఉన్ని. ఇక తల, చెవులు. వీటిని ఊరికే నొక్కి అంటిస్తే ఆరాక ఊడిపోతాయి. అతికే రెండు చోట్లా పుల్లతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, ఇదే మట్టిని నీళ్లలో పెరుగులా కలిపి పూసి, అప్పుడు నొక్కాలి. గొర్రెల కాపరి చేతి కర్రకు మట్టి వద్దు, చీపురు పుల్ల ముక్క గుచ్చండి.

తాడు రంధ్రం మరచిపోవడం మామూలే. కోసిన వెంటనే, కవరు మీద నుంచి లేపక ముందే పెట్టేయండి. కూల్‌డ్రింక్ స్ట్రాను నిటారుగా దింపి, ఒకసారి తిప్పి, తీయాలి. అంచు నుంచి కనీసం 8 మిల్లీమీటర్లు లోపలికి ఉండాలి. నక్షత్రానికైతే మొనలో కాకుండా, మొన వెడల్పయ్యే చోట. ఆరేటప్పుడు రంధ్రం కూడా కొంచెం కుంచించుకుపోతుంది, అందుకే అగ్గిపుల్లతో పెట్టిన చిల్లు చాలదు. వెనుక వైపు పిల్లల పేరు, సంవత్సరం పుల్లతో రాయించండి, పైపైనే, లోతుగా వద్దు.

వాడని మట్టిని తడిబట్ట కింద ఉంచండి. మూత గట్టిగా పట్టే డబ్బాలో పెడితే రెండు మూడు రోజులు పనికొస్తుంది.

ఆరబెట్టడం

అందరూ చేసే పొరపాటు ఎండలో పెట్టడం. ఎండ తగిలిన పై భాగం ముందు ఆరి కుంచించుకుంటుంది, కింది భాగం తడిగానే ఉంటుంది, బిళ్ల అప్పడంలా అంచులు లేపుతుంది. ఫ్యాను కింద పెట్టినా మొదటి రోజు ఇదే జరుగుతుంది. ఓవెన్ మరీ ప్రమాదం. సోడా వేడికి గ్యాసు వదులుతుంది, బొమ్మ లోపలే పొక్కులు పొంగి నెర్రెలిస్తుంది.

గాలి కాస్త ఆడే నీడలో, తెల్ల కాగితం మీద పరచండి. న్యూస్‌పేపర్ వద్దు, తడి మట్టికి అక్షరాలు అంటుకుంటాయి. మొదటి నాలుగు గంటలు కదపకండి. తర్వాత తిరగేయండి, అక్కడి నుంచి ఆరేడు గంటలకోసారి తిరగేస్తూ ఉండండి. మొదటి రాత్రి పైన పల్చటి నూలు బట్ట కప్పితే ఆరడం నిదానిస్తుంది, నెర్రెలు తగ్గుతాయి. విదేశాల్లో హీటర్ నడిచే ఇళ్లలో గాలి మరీ పొడిగా ఉంటుంది కాబట్టి ఈ బట్ట తప్పనిసరి. రెండో రోజు నుంచి జాలీ స్టాండు మీదకు మార్చి, ఫ్యాను మెల్లగా తిరగనివ్వవచ్చు. అంచులు లేవడం కనిపిస్తే, బొమ్మ ఇంకా కొంచెం వంగే దశలోనే ఉంటే, రెండు కాగితాల మధ్య పెట్టి పైన ఒక పుస్తకం ఉంచండి. పూర్తిగా గట్టిపడ్డాక నొక్కితే విరుగుతుంది.

తెలంగాణలో డిసెంబరు చలిగాలికి రెండు రోజుల్లో ఆరిపోవచ్చు. కోస్తాలో మూడు రోజులు వేసుకోండి, మబ్బు పడితే నాలుగు. ఆరిందో లేదో కంటికి తెలియదు. బొమ్మను చెంపకు ఆనించండి. చల్లగా తగిలితే లోపల తడి ఉంది. ఇంకా కచ్చితంగా కావాలంటే వంటింటి తూకం మీద ఒక బొమ్మను ఉదయం, మళ్లీ సాయంత్రం తూయండి. రెండు అంకెలూ ఒకటే అయితే ఆరినట్టు. పచ్చిగా 15 గ్రాములున్న బిళ్ల ఆరాక 10, 11 గ్రాములకు వస్తుంది. అంకె ఎందుకు తగ్గుతోందో పిల్లలనే అడగండి, నీళ్లు ఎటు పోయాయో వాళ్లే చెబుతారు.

వెంట్రుకంత నెర్రెలు వస్తే పారేయకండి. ఆరిన మట్టిపొడి చిటికెడు, ఫెవికాల్ రెండు చుక్కలు కలిపి నెర్రెలోకి వేలితో నెట్టి, పైన తుడిచేయండి. నెర్రె రంధ్రం దగ్గర నుంచి అంచుదాకా సాగితే మాత్రం ఆ బొమ్మను వేలాడదీయవద్దు, పశువుల పాక దగ్గర నిలబెట్టండి.

రంగు వేయాలా?

ఈ మట్టి తెలుపే అందం. ఆకు ముద్రలున్నవాటిని అలాగే వదిలి, ఎర్ర దారం కట్టితే చాలు. పిల్లలు రంగులు కావాలంటారు, సహజం. అక్రిలిక్ రంగులు వాడండి, పల్చగా రెండు పూతలు, మధ్యలో అరగంట విరామం. నీళ్ల రంగులు నీళ్లు ఎక్కువగా మోస్తాయి, పైపొర నాని మెత్తబడుతుంది. స్కెచ్ పెన్ సిరా అంచులు దాటి పాకుతుంది. చిన్నపిల్లలకు మామూలు కలర్ పెన్సిళ్లే నయం, ఆరిన మట్టి మీద కాగితం మీద పడినట్టే పడతాయి.

ఇంట్లో ఉన్న పసుపుతో ఒక ప్రయోగం చేసి చూపించండి. పచ్చి మట్టి ఉండలో పావు స్పూను పసుపు వేసి పిసికితే పచ్చగా రావాల్సింది ఎర్రటి ఇటుక రంగుకు తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి ఎర్రబడే కారణమే ఇక్కడా, సోడాకు కూడా సున్నంలాగే క్షారగుణం ఉంది. ఆ ఎర్రమట్టితో చేసిన గంటలు తెల్లవాటి మధ్య బాగుంటాయి. అయితే పసుపు వెలుతురుకు వెలిసిపోతుంది, బీట్‌రూట్ రసం ఇంకా తొందరగా. ఏళ్లపాటు దాచుకునే బొమ్మలకు ఇవి వాడకండి.

పైపూతకు నీళ్లతో కలిపే క్లియర్ వార్నిష్ రెండు సార్లు వేయండి. ముందు, వెనుక, అంచులు, రంధ్రం లోపలి గోడ కూడా. ఒక్క వైపే పూస్తే రెండో వైపు నుంచి తేమ వెళ్తూనే ఉంటుంది. సరిగ్గా ఆరక ముందే పూస్తే తడి లోపలే చిక్కుకుని బూజు పడుతుంది. గోళ్ల రంగు పారదర్శకంగా ఉంది కదా అని అక్రిలిక్ మీద పూయకండి, కింది రంగును కరిగించి అలికేస్తుంది.

చిన్నారి అరచేతి ముద్ర కావాలంటే లెక్క వేరు. 10 సెంటీమీటర్ల బిళ్ల, 8 మిల్లీమీటర్ల మందం, ఆరడానికి ఆరు రోజులు. ఆరినా 65 గ్రాముల దాకా ఉంటుంది. దాన్ని చెట్టుకు కట్టకుండా గోడకు, మేకుకు తగిలించండి.

కట్టడం, దాచడం

20 సెంటీమీటర్ల ఎర్ర ఊలు దారాన్ని మడిచి, మడత కొసను రంధ్రంలోంచి దూర్చి, మిగిలిన రెండు కొసలనూ ఆ మడతలోంచి లాగి బిగించండి. ఇలా కడితే దారం ఒకేచోట బిగిసి ఉంటుంది, ఊగినప్పుడు రంధ్రం అంచును కోయదు.

కోస్తా ఊళ్లలో సర్వి కొమ్మే క్రిస్మస్ చెట్టు. చూడ్డానికి ఎంత బాగున్నా దాని రెమ్మలు సన్నం, కొద్ది బరువుకే వాలిపోతాయి. పది గ్రాముల బిళ్లలను కొసకు ఒక జానెడు లోపల, ఆకుపచ్చ రెమ్మ గోధుమరంగు పుల్లతో కలిసే కణుపు దగ్గర కట్టండి. గొర్రెపిల్లల్లాంటి బరువైనవి కాండానికి దగ్గరగా. రెండు బొమ్మల మధ్య బెత్తెడు ఎడం ఉండాలి, ఫ్యాను గాలికి ఒకదానికొకటి తగిలి అంచులు ఎగిరిపోకుండా. కొమ్మను తడి ఇసుక నింపిన బకెట్టులో నిలబెట్టాక, బొమ్మలు కట్టే ముందు ఒకసారి ఊపి చూడండి. ఒరిగే చెట్టయితే అప్పుడే తెలిసిపోతుంది.

జనవరిలో దించాక ఒక్కో బొమ్మను పల్చటి కాగితంలో చుట్టి, స్టీలు డబ్బాలో నిలువుగా పేర్చండి. పడుకోబెట్టి దొంతరగా పెడితే అడుగువి పగులుతాయి. కొత్త బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలు రెండు వేసి మూత బిగించి, అటక మీద కాకుండా బీరువా పై అరలో ఉంచండి. వానలు తగ్గాక అక్టోబరులో ఒకసారి మూత తీసి చూసి, చెమ్మగా తగిలినవాటిని ఒక రోజు నీడలో ఆరబెట్టి మళ్లీ చుట్టి పెట్టండి.